వంత పాడిన గొంతులు

2004లో అమెరికా రేడియోల్లో మారుమోగిన ‘జీసస్ వాక్స్’ ర్యాప్ పాటలో, మత్తు నుంచి బయటపడుతున్న హార్లెమ్ మనుషుల గొంతులున్నాయి. ఆ గొంతుల వెనక ఇంకా పాత కథ ఉంది.

ఈ పాటను ఫోన్ స్పీకర్లో వింటే సగమే వినపడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, గదిలో ఫ్యాను కూడా కట్టేసి వినాలి. మొదట వచ్చేది కవాతు. ఆజ్ఞలిచ్చే గొంతు, అడుగులు వేయించే డ్రమ్ము. ఒక యువకుడు మైకు ముందుకొచ్చి బయటి యుద్ధాల గురించి రెండు ముక్కలు చెప్పి, అసలు పోరు మన లోపలే జరుగుతోందంటాడు. అతని వెనక, బాగా వెనక, ఒక మూలుగు లాంటి ఆలాపన. దానికి మాటలుండవు. పెద్ద బరువు ఎత్తేటప్పుడు పదిమంది దమ్ము బిగబట్టి ఒక్కసారి వదిలితే వచ్చే శబ్దం అలాగే ఉంటుంది. మగ గొంతులూ ఆడ గొంతులూ అందులో కలిసిపోయి ఉంటాయి. కాసేపటికి ఆ గుంపే నోరు విప్పి, నాతో నడవమని దేవుణ్ని అడుగుతుంది.

మొదటి కొన్నేళ్లు నేను ఈ పాటలో ముందున్న మనిషినే విన్నాను. కాన్యే వెస్ట్ అప్పటికి కొత్తవాడు. ‘ద కాలేజ్ డ్రాపవుట్’ అతని తొలి ఆల్బమ్, 2004 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు వేరేవాళ్లకు సంగీతం కట్టి ఇచ్చేవాడు. 2002 అక్టోబరులో కారు ప్రమాదంలో దవడ విరిగితే, వైర్లతో బిగించిన ఆ దవడతోనే ఒక పాట పాడి రికార్డు చేసిన మొండివాడు. అలాంటి మనిషి గొంతు ముందు నిలబడితే వెనక ఎవరున్నారో ఎవరు పట్టించుకుంటారు?

ఆల్బమ్ వివరాల్లో చిన్న అక్షరాల్లో అచ్చేసిన మాటలు తర్వాతెప్పుడో చదివాను. ఈ పాటలో ‘వాక్ విత్ మీ’ అనే రికార్డింగు నుంచి కొన్ని భాగాలు వాడుకున్నామనీ, దాన్ని పాడింది ఏఆర్‌సీ క్వయర్ అనే గాన బృందమనీ అక్కడుంది. ఏఆర్‌సీ అంటే అడిక్ట్స్ రీహాబిలిటేషన్ సెంటర్. మత్తుకు బానిసలైనవాళ్లను తిరిగి మనుషుల్లో కలిపే కేంద్రం. ఆ మూడక్షరాలూ విప్పుకుని చదివాక పాటను మళ్లీ మొదట్నుంచి పెట్టాను. ఈసారి ముందున్న మనిషి నాకు రెండోవాడయ్యాడు.

హార్లెమ్ గొంతులు

న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల సంస్కృతికి గుండెకాయ లాంటి చోటు హార్లెమ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే హార్లెమ్‌ను హెరాయిన్ పట్టి పీడించింది. జేమ్స్ ఆలెన్ అనే మనిషి ఒకప్పుడు తానూ ఆ సూదికి బానిసే. బయటపడ్డాక, 1957లో తనలాంటివాళ్ల కోసం ఈ కేంద్రాన్ని మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో అక్కడ చికిత్స తీసుకుంటున్నవాళ్లతో, తీసుకుని నిలబడినవాళ్లతో ఒక క్వయర్ తయారైంది.

క్వయర్లో పాడటం పైకి కనిపించేంత తేలిక కాదు. రోజూ వేళకు రావాలి. పక్కవాడి గొంతు వింటూ తన గొంతును దానికి సర్దుకోవాలి. ఊపిరి ఎక్కడ తీయాలో, ఎక్కడ ఆపాలో నలుగురితో కలిసి నేర్చుకోవాలి. తన ఒంటి మీదే తనకు పట్టు తప్పిపోయిన మనిషికి ఈ మూడూ ఎంత పెద్ద పనులో ఆలోచించండి. ఆ పాటలోని ఆలాపన నన్ను అంతగా కదిలించడానికి కారణం ఇదేననుకుంటాను. అక్కడ ఒక గుంపు కలిసి ఊపిరి తీస్తోంది.

ఆ క్వయర్ పాటలకు రూపమిచ్చింది కర్టిస్ లండీ. జాజ్ బేస్ వాద్యకారుడు, గాయని బెట్టీ కార్టర్ పక్కన వాయించినవాడు. బానిసత్వపు రోజుల నుంచి నల్లజాతి చర్చీల్లో నలిగిన స్పిరిచువల్ గీతాలున్నాయి. కష్టాల దారిలో యేసు తమతో నడవాలని కోరుకునే పాట వాటిలో ఒకటి. ‘వాక్ విత్ మీ’ ఆ వంశంలోదే.

1997లో దాన్ని విడుదల చేసింది మేపుల్‌షేడ్ అనే చిన్న రికార్డు కంపెనీ. దాని యజమాని పియేర్ స్ప్రే గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. ఆయన వృత్తిరీత్యా పెంటగాన్ విశ్లేషకుడు. ఏ-10 యుద్ధ విమానం రూపకల్పనలో పాలుపంచుకున్నవాడు, ఎఫ్-16 ఆలోచనను ముందుకు నెట్టిన చిన్న బృందంలో ఒకడు. ఆ పని వదిలేసి మేరీల్యాండ్‌లో ఒక పాత భవంతిలో జాజ్, బ్లూస్, నల్లజాతి చర్చి పాటలైన గాస్పెల్ రికార్డు చేస్తూ కూర్చున్నాడు. ఆయన పద్ధతికి పెద్ద పట్టింపు ఉండేది. మిక్సింగ్ బోర్డు వాడేవాడు కాదు. ఒక గొంతు మీద ఇంకో గొంతు తర్వాత అతికించేవాడు కాదు. తక్కువ మైకులు పెట్టి, గదిలో ఎలా వినపడితే అలా టేపు మీదికి ఎక్కించేవాడు. అందుకే ఆ క్వయర్ గొంతుల చుట్టూ గాలి ఉంటుంది. ఏడేళ్ల తర్వాత కవాతు డ్రమ్ముల మధ్య ఇరికించినా ఆ గాలి పోలేదు.

ముందు చెప్పేవాడు, వెనక పాడేవాళ్లు

శాంపిల్ అంటే తెలిసిన సంగతే. పాత రికార్డులోంచి ఒక ముక్క కోసి, దాన్ని యంత్రంలోకి ఎక్కించి, మళ్లీమళ్లీ తిప్పుతూ దాని మీద కొత్త పాట కట్టడం. ఎన్సోనిక్ ఏఎస్‌ఆర్-10 అనే కీబోర్డు శాంప్లర్ మీద వెస్ట్ చెయ్యి బాగా తిరిగింది. పాత సోల్ పాటల్లోని గొంతుల వేగం పెంచి, వాటిని ఉడుత గొంతుల్లా సన్నగా చేసి వాడటం అప్పట్లో అతని ముద్ర. ‘జీసస్ వాక్స్’లో ఆ ఆట ఆడలేదు. ఈ గొంతులకు బరువే అందమని అతనికి తెలిసింది. అతని మీద నాకున్న గౌరవంలో పెద్ద పాలు ఈ నిర్ణయానిదే.

పాటను అతనితో కలిసి రాసింది షికాగో మిత్రుడు రైమ్‌ఫెస్ట్. ఇజ్రాయెల్‌లో పుట్టిన వయొలినిస్టు మిరి బెన్-అరి తీగలు వాయించింది, రచనలోనూ ఆమె పేరుంది. కర్టిస్ మేఫీల్డ్ పాట నుంచి కూడా ఒక చిన్న తునక తీసుకున్నారు. మేఫీల్డ్‌దీ షికాగోనే.

చరణాల్లో వెస్ట్ దేవుడి దయ ఎవరెవరికి చెందుతుందో పేరుపేరునా చెప్పుకుంటూ పోతాడు. మత్తుమందు అమ్మేవాళ్లు, చంపినవాళ్లు, బట్టలు విప్పి ఆడి పొట్టపోసుకునే ఆడవాళ్లు, ప్రభుత్వ సాయం మీద నెట్టుకొచ్చేవాళ్లు. చర్చి గుమ్మంలో నిలబడితే జనం మొహం తిప్పుకునే మనుషులందరూ ఆ జాబితాలో ఉన్నారు. ఇంకోచోట, తను దేవుడితో మాట్లాడి చాలా కాలమైందనీ, ఇప్పుడు నోరు విప్పడానికే భయంగా ఉందనీ ఒప్పుకుంటాడు.

చరణంలో ఎవరి గురించి చెబుతున్నాడో, వెనక పాడుతున్నది వాళ్లే. ఆ వీధుల్లో తిరిగి, ఆ సరుకు కొని, పడి, లేచి, ఒక కేంద్రంలో చేరి, వరుసలో నిలబడి పాడినవాళ్లు. ముందున్నవాడు చెబుతున్నదానికి వెనకవాళ్లు సాక్షులు. ఎంత మంచి గొంతున్న స్టూడియో గాయకులను తెచ్చి నిలబెట్టినా ఈ సాక్ష్యం రాదు. నాకు తెలిసి హిప్‌హాప్‌లో గాస్పెల్ క్వయర్‌ను వాడిన పాటలు చాలానే ఉన్నాయి. పాట చెప్పే మాటకూ పాడే గొంతుకూ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం మరెక్కడా వినలేదు.

మన భాషలో ‘వంత పాడటం’ అనే మాట చిన్నబోయింది. ఒకరు చెప్పినదానికి తలూపేవాణ్ని వంత పాడుతున్నాడంటాం. బుర్రకథ చూసి పెరిగినవాళ్లకు ఆ మాట అసలు విలువ తెలుసు. కథకుడు ఎంత గొప్పవాడైనా పక్కన వంతలు అందుకోకపోతే కథ కదలదు. నల్లజాతి చర్చిలో పాట నడిచే తీరూ ఇంచుమించు అదే. ఒకరు అందిస్తారు, క్వయర్ అందుకుంటుంది, సభ మొత్తం చప్పట్లతో తోడవుతుంది. ఆ చప్పట్లలో ఒక మెలిక ఉంది. నాలుగు దెబ్బల తాళంలో మన చెయ్యి మామూలుగా మొదటి దెబ్బకు పడుతుంది. వాళ్ల చేతులు రెండో దెబ్బకూ, నాలుగో దెబ్బకూ పడతాయి. పాట ముందుకు తూలుతున్నట్టు, ఎప్పటికప్పుడు ఎవరో పట్టుకుని నిలబెడుతున్నట్టు ఉండటం అందువల్లే. ర్యాప్ ఈ తూగు మీదే పుట్టింది. చర్చిలో చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే తర్వాత డ్రమ్ మెషీన్ మీద పడ్డాయి.

టెలిగ్రాం

చర్చికీ వీధికీ మధ్య గోడ ఉందనీ, వెస్ట్ దాన్ని బద్దలు కొట్టాడనీ ఆ రోజుల్లో కొందరు అన్నారు. షికాగో చరిత్ర తెలిసినవాళ్లు అలా అనరు. వెస్ట్ పెరిగింది షికాగోలో, తల్లి డోండా వెస్ట్ అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా ఉండేది. అతను పుట్టడానికి చాలా ముందే ఈ గొడవ ఆ ఊళ్లోనే జరిగింది.

థామస్ ఎ. డోర్సే 1899లో జార్జియాలో ఒక బోధకుడి ఇంట పుట్టాడు. అతను పెరిగి పెద్దయ్యేసరికి, దక్షిణాది దౌర్జన్యాలూ పేదరికమూ భరించలేక లక్షలమంది నల్లజాతివాళ్లు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్నారు. అతనూ షికాగో చేరాడు. ‘జార్జియా టామ్’ పేరుతో బ్లూస్ పియానో వాయించాడు, మా రైనీ అనే మహా గాయనికి వాద్యబృందం నడిపాడు. 1928లో గిటారిస్టు టాంపా రెడ్‌తో కలిసి చేసిన ఒక కొంటె పాట విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ మనిషే తన బ్లూస్ ఊపునూ వంపులనూ తీసుకెళ్లి దేవుడి పాటలో పెట్టాడు. పెద్ద పెద్ద చర్చీలు అతన్ని రానివ్వలేదు. సారాకొట్టు సంగీతాన్ని బలిపీఠం ముందుకు తెస్తావా అన్నదే వాళ్ల కోపం.

1932 ఆగస్టు. డోర్సే సెయింట్ లూయిస్‌లో ఒక కూటంలో పాటలు పరిచయం చేస్తున్నాడు. నిండు గర్భిణి అయిన భార్య నెట్టీ షికాగోలో ఇంట్లో ఉంది. అతని చేతికి ఒక టెలిగ్రాం వచ్చింది. కాన్పులో ఆమె చనిపోయింది. ఇంటికి చేరేసరికి బిడ్డ బతికే ఉన్నాడు, ఆ తర్వాత వాడూ పోయాడు. తల్లీబిడ్డల్ని ఒకే పెట్టెలో పెట్టి పూడ్చారు. కొన్ని రోజుల తర్వాత, దేవుడి మీద అలిగి కూర్చున్న ఆ మనిషి పియానో ముందుకొచ్చి, తన చెయ్యి పట్టుకుని నడిపించమని అడుగుతూ ఒక పాట కట్టాడు. ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’ అంటే ఇవాళ లోకమంతా ఎరుగుదురు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహలియా జాక్సన్ పాడింది ఈ పాటనే.

నడిపించమని అడిగిన పాట ఒకటి, నాతో నడవమని అడిగిన పాట ఇంకొకటి. రెండూ ‘పాపిష్టి’ సంగీతమని పేరుపడ్డ వైపు నుంచే షికాగో దారిలో కలిశాయి. డోర్సే దశాబ్దాల పాటు క్వయర్ నడిపిన పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి భవనాన్ని నిజానికి యూదుల ప్రార్థనా మందిరంగా కట్టారు. డాంక్‌మార్ ఆడ్లర్, లూయిస్ సలివన్ గీసిన నమూనా అది. 2006 జనవరిలో మంటల్లో చిక్కి గోడలు మాత్రం మిగిలాయి. గాస్పెల్ క్వయర్‌కు ఉయ్యాల లాంటి ఆ ఇల్లు వేరే మతంవాళ్లు కట్టుకున్నదన్న సంగతి నేను మర్చిపోలేను. కాసేపట్లో మళ్లీ ఇక్కడికే రావాలి.

1954లో రే చార్లెస్ ఒక గాస్పెల్ బాణీకి ప్రేమ మాటలు తొడిగి ‘ఐ గాట్ ఎ ఉమన్’ పాడినప్పుడూ ఇదే రభస. అప్పుడు పాట చర్చి నుంచి వీధికి వచ్చిందని తిట్టారు. డోర్సేని వీధి నుంచి చర్చికి తెచ్చాడని తిట్టారు. దారి మాత్రం ఒక్కటే.

రేడియో వేస్తుందా, చర్చి ఒప్పుకుంటుందా?

తుపాకులూ శృంగారమూ ఉన్న పాటలను సంతోషంగా వేసే రేడియో, దేవుడి పేరెత్తితే తన పాటను పక్కన పడేస్తుందని వెస్ట్ ఆ పాటలోనే వాపోతాడు. ఆ భయం నిజం కాలేదు. పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో 11వ స్థానం దాకా వెళ్లింది. మూడు వీడియోలు తీశారు. మొదటి రెండింటికీ బాగా ఖర్చుపెట్టారు. ఒకదాంట్లో దారితప్పినవాళ్లు చర్చికి చేరతారు, ఇంకోదాంట్లో సంకెళ్ల ఖైదీలూ, తెల్లజాతి దురహంకారుల కూ క్లక్స్ క్లాన్ ముసుగులూ కనిపిస్తాయి. మూడోది వెస్ట్ సొంత డబ్బుతో చేసినది. పొడుగు వస్త్రం వేసుకున్న యేసు షికాగో ఇరుకు వీధుల్లో అతని వెంటే మామూలు మనిషిలా తిరుగుతుంటాడు. నాకు ఈ మూడోదే ఇష్టం. పాట అడిగింది అంతే కదా, పక్కన నడవమనే.

గాస్పెల్ లోకం మాత్రం తటపటాయించింది. స్టెల్లార్ అవార్డుల వాళ్లు ఆల్బమ్‌ను పోటీలో చేర్చి, మిగతా పాటల్లోని బూతులూ వీధి మాటలూ చూసి వెనక్కి తీసుకున్నారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఆదివారం పిల్లలకు వినిపించే ఆల్బమ్ కాదది. అయినా డోర్సేని గుమ్మం దగ్గర ఆపిన చేతులే నాకు మళ్లీ కనిపించాయి.

2005 ఫిబ్రవరి 13న గ్రామీ వేదిక. ఉత్తమ ర్యాప్ పాట బహుమతి ‘జీసస్ వాక్స్’కు వచ్చింది. ఆ రాత్రి వేదికనే చర్చిలా మార్చి పాడారు. వెస్ట్ పక్కన మేవిస్ స్టేపుల్స్ ఉంది, తండ్రి పాప్స్ స్టేపుల్స్ నడిపిన కుటుంబ బృందంలో చిన్నప్పటి నుంచీ పాడిన షికాగో గాయని. బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా కూడా ఉన్నారు. ఆ బృందం 1939లో టల్లడీగాలో చూపులేని నల్లజాతి పిల్లల బడిలో మొదలైంది. మేవిస్ పుట్టిందీ 1939లోనే. అంత వయసున్న గొంతులు వచ్చి ఆ కుర్రాడి పాటను తమ మధ్య నిలబెట్టుకోవడం చూస్తే, ఏ అవార్డు కమిటీ ముద్రా అక్కర్లేదనిపించింది. బహుమతి పత్రంలో రచయితలుగా వెస్ట్, రైమ్‌ఫెస్ట్, బెన్-అరి పేర్లున్నాయి. క్వయర్ పేరు ఆల్బమ్ చిన్న అక్షరాల్లోనే ఉండిపోయింది.

తర్వాతి సంగతులు దాటవేస్తే ఈ కథ అబద్ధమవుతుంది. 2016లో వెస్ట్ గాస్పెల్ సంగీతకారుడు కర్క్ ఫ్రాంక్లిన్‌నూ ఒక క్వయర్‌నూ తెచ్చి ‘అల్ట్రాలైట్ బీమ్’ చేశాడు. అందులో ర్యాప్ చెప్పిన షికాగో కుర్రాడు చాన్స్ ద ర్యాపర్ అదే ఏడాది గాస్పెల్ నిండిన ‘కలరింగ్ బుక్’ తెచ్చాడు. 2019లో వెస్ట్ ‘సండే సర్వీస్’ పేరుతో పెద్ద క్వయర్‌ను కూడగట్టి, ఈస్టర్ రోజున కోచెల్లా సంగీతోత్సవ మైదానంలో గుట్ట మీద పాడించాడు. 2022లో అదే నోటితో యూదుల మీద విషం కక్కాడు, హిట్లర్‌ను పొగిడాడు. అడిడాస్ సహా కంపెనీలు తెగతెంపులు చేసుకున్నాయి.

నాకు ఆ వార్తలు చదువుతుంటే పిల్‌గ్రిమ్ చర్చి గోడలు గుర్తొచ్చాయి. యూదులు కట్టిన కప్పు కింద పెరిగిన సంగీతం అది. ‘జీసస్ వాక్స్’లో డ్రమ్ముల సందుల్లోంచి వినిపించే వయొలిన్ కమానును ఒక యూదు స్త్రీ చెయ్యి లాగింది. పాట చేసినవాడు తన పాటలోనే ఎవరెవరున్నారో మర్చిపోయాడు. అతను అన్న మాటలకు నా దగ్గర క్షమాపణ లేదు. పాటను మాత్రం నేను వదలలేదు, ఎందుకంటే అది అతనొక్కడిది కాదు. నాకు అందులో ముందు వినిపించేది ఎవరో ఇప్పటికే చెప్పాను.

మా అమ్మ ఒంగోలు దగ్గర పల్లెలో మా సంఘం క్వయర్లో నలభై ఏళ్లు పాడింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆమెకు దాదాపు కంఠతా వచ్చు. పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకుంటే రాగం పేరు చెప్పి మరీ పాడుతుంది. కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆమె చెవులకు నా హెడ్‌ఫోన్ పెట్టి ఈ పాట వినిపించాను. కళ్లు చికిలించి విన్నది. వెస్ట్ అందుకోగానే చెయ్యెత్తి ఆపమంది.

“ఆ అబ్బాయి అంత తొందరగా ఏం చెబుతున్నాడో నాకు తెలియట్లేదు గానీ, వెనకాల వాళ్లెవర్రా?”

చెప్పాను. మత్తు కేంద్రం, హార్లెమ్, జేమ్స్ ఆలెన్. ఆమె ఇంకేమీ అడగలేదు.

“వాళ్లదే పెట్టు. ఆ అబ్బాయి లేకుండా.”

ఫోన్‌లో ‘వాక్ విత్ మీ’ వెతికి పెట్టాను. మొదటిసారి కదలకుండా విన్నది. రెండోసారి పెట్టమంది. ఈసారి చెయ్యి మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది, మొదటి దెబ్బకే. కాసేపటికి ఆగి, సర్దుకుని, రెండో దెబ్బకు మార్చుకుంది. మాటలు రాని చోట ఆలాపన అందుకుంది.